ఏడో సొరంగం సుబ్బులుకి తిండి ఇమడటం లేదు

1. మంగళవారం, ఫ్యాన్ల డ్యూటీ అయ్యాక

ఈ దినచర్యలో పాము ఆరోగ్యం గురించి మాత్రమే రాయాలని ప్రాణిశాఖ వాళ్ళు చెప్పారు. పాము ఆరోగ్యం బాగుంది. నా ఆరోగ్యం గురించి అడిగే శాఖ ఏదీ లేదు గనక అది కూడా ఇక్కడే రాస్తాను. పొద్దుటి నుంచి కాళ్ళు వణుకుతున్నాయి.

నాకు పాములంటే భయం. ఆ మాట సభలో అందరి ముందూ చెప్పాను. మా సొరంగం పెద్ద గవర్రాజు గారు చిరునవ్వు నవ్వి, "మీ పేరులోనే శేషుడున్నాడు కదండీ, శేషారత్నం అక్కయ్యగారూ. మీకు కాక ఇంకెవరికి అచ్చొస్తుందండీ" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తమ నెత్తిన పడనందుకు మనుషులకి ఎంత ఆనందమో ఆ చప్పట్లు వింటే తెలుస్తుంది.

పాము వద్దనడానికి మాత్రం నాకు నోరు లేదు. ఇవాళ కూడా గాలితలుపు చుట్టూ ఉన్న రబ్బరు మార్చి వచ్చాను. ఎలుకలు మళ్ళీ కొరికేశాయి. భూమి నుంచి బియ్యం బస్తాల్లో దాక్కుని వచ్చాయి అవి. మనల్ని ఓడ ఎక్కించే ముందు పళ్ళు కూడా లెక్కపెట్టారు, వాటిని ఎవరూ అడగలేదు. మందు పెడదామంటే, ఎక్కడో గొట్టంలో చచ్చిన ఎలుక కంపు ఫ్యాన్ల గుండా అందరి ముక్కుల్లోకీ వస్తుంది. మూడో సొరంగంలో రబ్బరంతా పోయి గాలి నిలవకపోతే, తలుపులు మూసేసి అక్కడి వాళ్ళని తలో సొరంగానికీ పంచేశారు. నలభై ఏళ్ళు ఇరుగుపొరుగుగా ఉన్నవాళ్ళు ఇప్పుడు పండక్కి తెర మీద పలకరించుకుంటున్నారు.

అందుకని సొరంగానికో జెర్రిపోతు. విషం ఉండదు, పెద్దదైతే ఎలుకల్ని తుడిచిపెట్టేస్తుంది. మాకు వచ్చింది మాత్రం గుడ్డులోంచి బయటపడి ఎన్నాళ్ళో కాని పిల్ల. నా చిటికెన వేలంత లావు. గాజుపెట్టెలో వెచ్చపలక మీద చుట్టుకుని, నన్ను చూసి నాలుక ఆడించింది. కుజుడి మీద కాపురం పెట్టాం గనక కుజదోషం గొడవ మాకెలాగూ లేదు. ఇప్పుడు నాగదోషం ఒకటి తగిలించుకున్నాం.

2. శుక్రవారం

మొదటి భోజనం.

కళ్ళు తెరవని చిట్టెలుక పిల్లల్ని ప్రాణిశాఖ వాళ్ళు మంచుపెట్టెలో పంపుతారు. ఒకదాన్ని గోరువెచ్చని నీళ్ళలో పెట్టి మెత్తబడ్డాక, తుడిచి, పటకారుతో పట్టుకుని పాము ముక్కు ముందు ఆడించాలి. పెట్టే ఎలుక పాము నడుముని మించి లావు ఉండకూడదు. తిన్నాక పాముని వెచ్చగా ఉంచాలి, చల్లబడితే లోపలిది అరక్క కుళ్ళుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తిన్నాక ఎవరూ ముట్టుకోకూడదు. ఇవన్నీ ప్రాణిశాఖ డాక్టర్ సలీమా గారు తెర మీద రెండుసార్లు చెప్పారు. నేను సొరంగం అందరికీ వినిపించేలా మాట్లాడే గొట్టంలో మూడుసార్లు చెప్పాను.

చూడటానికి జనం గుమ్మం దాకా నిండిపోయారు. పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్న పిల్లాణ్ణి చూసినట్టు చూశారు. "మొదటి ముద్ద నెయ్యి వేసి పెట్టకూడదుటండీ" అని వెనక నుంచి ఒకాయన. నేను పటకారు చాచాను. అది చటుక్కున పట్టుకుని, నిదానంగా, ఎవరి కోసమూ ఆగకుండా మింగేసింది. గవర్రాజు గారు ఈల వేశారు.

నేను డ్యూటీకి వెళ్ళాలి. ఎదురింటి తాయారమ్మ పిన్నిగారికి తాళం ఇచ్చి, "కాస్త కనిపెట్టుకుని ఉండండి" అన్నాను. ఆవిడ ఎనభై దాటిన మనిషి. ఈ సొరంగంలో పుట్టిన ప్రతి బిడ్డకీ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది ఆవిడే. నా కూతురికీ పోసింది. గాలి యంత్రం పెద్దది చేసేదాకా కొత్త కాన్పులు వద్దన్న నిబంధన వచ్చాక, ఆవిడకి పని లేదు.

సాయంత్రం ఫ్యాన్ల దగ్గర ఉండగానే కంపు కొట్టింది. మా గాలి అందరిదీ ఒకటే, ఒకింట్లో పోపు వేస్తే సొరంగమంతా తుమ్ముతుంది. పరుగున వచ్చి చూస్తే, మింగినది మింగినట్టే బయట పడి ఉంది. పాము పక్కకి తిరిగి, ఆ సంగతి తనకేమీ తెలియదన్నట్టు పడుకుంది.

3. ఆదివారం

సలహాలు ఉచితం గనక అందరూ ఇచ్చారు. దిష్టి తగిలిందని కొందరు. వాము నీళ్ళు పట్టమని కొందరు. ఎలుక మంచుపెట్టెలోది కదా, నిలవ తిండి ఏ కడుపుకి పడుతుంది అని ఇంకొందరు. తాయారమ్మ పిన్నిగారు మాత్రం సలహా ఏదీ ఇవ్వలేదు. పెట్టెలోకి చూస్తూ, "పాపం, కడుపులో గాలి చేరిందేమో" అని నిట్టూర్చింది.

డాక్టర్ గారు కంగారు పడవద్దన్నారు. "కక్కినప్పుడు అరిగించే రసాలు కూడా పోతాయి శేషారత్నం గారూ. అవి మళ్ళీ ఊరేదాకా తిండి పెట్టొద్దు. నీళ్ళు మాత్రం ఉంచండి. తర్వాత ఇంకా చిన్న ఎలుకతో మొదలుపెడదాం."

ఈలోగా మా వాళ్ళు ఊరుకోలేదు. బారసాల చేశారు. బిడ్డ పుట్టి ఎన్నేళ్ళయిందో, సొరంగం మొహం వాచి ఉంది. నేను వద్దంటే, "మీ పాము కాదండీ, మన పాము" అన్నారు గవర్రాజు గారు. సుబ్బులు అని పేరు పెట్టారు. ఆడో మగో తెలియదు గనక రెండింటికీ సరిపోతుందట. ముసలాయన ఒకరు ఉగ్గుగిన్నె తెచ్చారు. దాన్ని నేనే దాచేశాను. పాముకి పాలు పోసి పెంచడం అన్నది ఇన్నాళ్ళూ తిట్టుకే పనికొచ్చింది, ఇక్కడ నిజంగా పోసేలా ఉన్నారు.

బారసాలలో అందరూ పెట్టె చుట్టూ చేరి పాడుతుంటే సుబ్బులు నీళ్ళ గిన్నెలో తల ఆనించి తాగింది. ఎంత చిన్న నోరో. నాకు ఉన్నట్టుండి దాని మీద జాలేసింది. ఈ వాక్యం ప్రాణిశాఖకి అక్కర్లేదు, అయినా కొట్టెయ్యను.

4. తర్వాతి వారం, బుధవారం

రెండో భోజనం. గోరంత ఎలుక. వెచ్చపలక నేనే చెయ్యి పెట్టి చూశాను, సరిగ్గా ఉంది. సుబ్బులు ఆవురావురుమని మింగింది. గదికి తాళం వేసి, చెవి పిన్నిగారికిచ్చి వెళ్ళాను.

సాయంత్రం మళ్ళీ అదే కంపు.

ఈసారి నాకు ఏడుపొచ్చింది. పాముని చూస్తేనే వణికిన మనిషిని, దాని కక్కు తుడుస్తూ ఏడ్చాను. నడుము దగ్గర ఎముకల గీతలు కనిపిస్తున్నాయి. తల ఒక్కటే పెద్దగా ఉంది.

డాక్టర్ గారు ఈసారి ఓదార్చలేదు. "మూడోసారి కూడా కక్కితే ఇంత చిన్న పిల్ల తట్టుకోలేదండీ. నేనే వచ్చి తీసుకెళ్తాను" అన్నారు. తీసుకెళ్ళి బాగుచేస్తారా అని అడిగాను. బాధ లేకుండా చూస్తామన్నారు.

ఇంకో పిల్ల ఎప్పుడు ఇస్తారని వెనక నుంచి గవర్రాజు గారు అడిగారు. వచ్చే ఏడాది గుడ్లకి గానీ కాదట. అప్పటిదాకా మా రబ్బర్లు ఉండవు. మేమూ తలో సొరంగంలో ఉంటాం. ఇది అందరికీ అర్థమైంది. నాకు మాత్రం ఆ క్షణంలో సొరంగం కంటే ముందు సుబ్బులే కళ్ళ ముందు మెదిలింది.

5. ఆదివారం

సుబ్బులుని కక్కిస్తున్న దొంగ దొరికాడనుకున్నాను.

డ్యూటీ మధ్యలో పనిముట్టు మరిచిపోయి ఇంటికి వస్తే, గవర్రాజు గారు పిన్నిగారి దగ్గర తాళం చెవి పుచ్చుకుని లోపలికొచ్చి, పెట్టె ముందు గొంతుక్కూర్చుని, దూది పాలలో ముంచి సుబ్బులు ముక్కు దగ్గర పెడుతున్నారు. సొరంగం పెద్ద, దగ్గర దగ్గర అరవై ఏళ్ళ మనిషి.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను.

"ఏమీ లేదండీ. ఊరికే."

"పాలు అరగవండీ దానికి. పొట్ట పాడవుతుంది. డాక్టర్ గారు చెప్పలేదూ?"

"అది తాగలేదండీ, అక్కయ్యగారూ. ఒట్టు. ముక్కు తిప్పుకుంది" అన్నారు. మొహం చూస్తే నిజమే చెబుతున్నారు. పైగా దూది నాలుగు పక్కలా తడిగా ఉంది, పాము మూతి పొడిగా ఉంది. అయినా నా కోపం ఆగలేదు. మీ వల్లే చస్తోందన్నాను. ఆయన పెద్దరికమంతా పోయి, చిన్నబోయి, పాలగిన్నె పట్టుకుని వెళ్ళిపోయారు. ఆ పాలు కూడా ఆయన వంతు పాలే, రెండు రోజులుగా కాఫీ మానేశారని తర్వాత వాళ్ళావిడ చెప్పింది.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇక్కడ కప్పా పామూ కూడా బాగానే ఉన్నాయి, మధ్యలో ఉన్న నాకే మతి పోతోంది.

6. శనివారం

ఇది నింపాదిగా రాస్తాను.

పొద్దున మూడో భోజనం పెట్టాను. ఎలుకలో సగం ముక్కే పెట్టమన్నారు, అదే పెట్టాను. సుబ్బులు తినడానికి ఆలోచించింది. చివరికి తింది. పిన్నిగారికి తాళం చెవి ఇచ్చి, దండం పెట్టినంత పని చేసి వెళ్ళాను.

ఇవాళ మా వరస గదుల గాలి జల్లెళ్ళు మార్చే వంతు. నా పని అంతా ముక్కుతోనే. ఏ జల్లెడ ఎక్కడిదో చీటీ చూడకుండా చెప్పగలను, ఇది వేపుళ్ళ వాళ్ళది, ఇది అగరొత్తులు దొంగతనంగా వెలిగించే వాళ్ళది అని. తాయారమ్మ పిన్నిగారి జల్లెడ తీసి దులపబోతే సాంబ్రాణి వాసన వచ్చింది.

సొరంగంలో పొగ నిషేధం. దానికంటే, సాంబ్రాణి ఎందుకు వేస్తారు? పసిబిడ్డకి తలంటి నీళ్ళు పోశాక, జుట్టు ఆరడానికి వేస్తారు. ఇక్కడ పసిబిడ్డలు ఎవరున్నారు?

జల్లెడ అక్కడే పారేసి పరిగెత్తాను.

పిన్నిగారు తన గదిలో నేల మీద కాళ్ళు చాచుకుని కూర్చుని ఉంది. పక్కన గోరువెచ్చని నీళ్ళ గిన్నె, ఆవిడ స్నానానికి వంతుగా ఇచ్చే నీళ్ళే. పొయ్యి పలక మీద, జల్లెడ దాటి పోనంత చిటికెడు సాంబ్రాణి కమురుతోంది. మెత్తటి పాత చీర ముక్కలో చుట్టిన సుబ్బులు ఆవిడ భుజం మీద ఉంది. రెండు వేళ్ళతో దాని వీపు మీద పైనుంచి కిందకి నిమురుతూ, "తేన్పు రానీ నాన్నా. ఒక్క తేన్పు వచ్చేస్తే హాయిగా బజ్జోవచ్చు" అంటోంది.

"పిన్నిగారూ" అన్నాను.

"ఆఁ, వచ్చావా అమ్మాయ్. అరవకు, నిద్దరకొస్తోంది."

"తిన్నాక ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను కదండీ."

"ఎవరూ ముట్టుకోలేదే. నేను గుమ్మంలోనే కాపలా ఉన్నా."

"మరి మీరు?"

ఆవిడకి నా ప్రశ్న అర్థం కాలేదు. నిజంగా అర్థం కాలేదు. "నేను ఎవరూ ఎలా అవుతానే? నీళ్ళు పోసేదాన్ని. పసిపిల్లకి కడుపు నిండగానే భుజానేసుకుని తేన్పు తెప్పించకపోతే కక్కుతుంది కదా. మొదటిసారి సరిగా రాలేదు, అందుకే కక్కింది. రెండోసారి ఇంకాసేపు నిమిరా. అయినా కక్కింది. ఇవాళ వచ్చేదాకా వదిలేది లేదని కూర్చున్నా."

నేను అరిచాను. ఆవిడ మీద నా జన్మలో అరవలేదు. పాములకి తేన్పు ఉండదనీ, నిమిరితే మింగింది వెనక్కి వస్తుందనీ, రెండుసార్లూ ఆవిడే కక్కించిందనీ, ఇక ఇది చచ్చిపోతుందనీ అన్నాను. పిన్నిగారి చేతులు ఆగిపోయాయి. చీర ముక్కని రెండు చేతుల మీద అలాగే పెట్టుకుని, వణకకుండా, నాకు అందించింది.

"అయితే నేనే చంపుతున్నానన్నమాట" అంది.

సుబ్బులుని తీసుకెళ్ళి వెచ్చపలక మీద పెట్టి, తలుపు మూసేశాను. సగం ముక్క ఇంకా కడుపులోనే ఉంది, చిన్న ఉబ్బులా కనిపిస్తోంది.

7. ఆదివారం

నేను కబురు చేస్తే డాక్టర్ సలీమా గారు రెండో సొరంగం నుంచి బండి మీద వచ్చారు. చేతిలో మూత ఉన్న పెట్టె. ఆ పెట్టె వైపు ఎవరం చూడలేదు.

సుబ్బులుని ముట్టుకోకుండా అద్దంలోంచి చాలాసేపు చూశారు. "ఇంకా లోపలే ఉంది. అరిగిందీ లేనిదీ ఇప్పుడే చెప్పలేం. లోపలికి పోయింది వెనక దారిన బయటికొస్తే బతికినట్టు. ముందు దారిన వస్తే నేను తీసుకెళ్ళాలి" అన్నారు. అందాకా ఇక్కడే ఉంటానన్నారు. తర్వాత, "చర్మం మాత్రం ఎంత బాగుందండీ. ఈ పొడి గాలికి మిగతా పాముపిల్లలన్నిటికీ కుబుసం ముక్కలు ముక్కలుగా అతుక్కుపోతోంది. ఎవరు తడుపుతున్నారు?" అని అడిగారు.

తలుపు దగ్గర నిలబడ్డ తాయారమ్మ పిన్నిగారు, "నేనేనమ్మా. కక్కించిందీ నేనే" అంది.

గుమ్మంలో జనం గుసగుసలాడారు. పిన్నిగారిని కొన్నాళ్ళు నాలుగో సొరంగంలో చెల్లెలి దగ్గరికి పంపితే మంచిదని ఒకావిడ అంది. గవర్రాజు గారు నా వైపు చూశారు. పెద్దమనిషి, పాల సంగతి మనసులో పెట్టుకోలేదు. "మీ ఇష్టం అక్కయ్యగారూ" అన్నారు.

నిన్న రాత్రంతా నేను ఆవిడ చేతుల గురించే ఆలోచించాను. నా కూతురు పుట్టినప్పుడు మూడు రోజులు పాలు పట్టక ఏడిస్తే, ఆ చేతులే దాన్ని తిప్పి పడుకోబెట్టి నిద్రపుచ్చాయి. ఆ చేతులకి పని చెప్పేవాళ్ళు లేక ఎన్నేళ్ళయింది. ఆవిడ మీద నాకు కోపం పోలేదు. కానీ ఆవిడ్ని పంపించేస్తే సుబ్బులు బతికినా నాకు సుఖం ఉండదని మాత్రం తెలుసు.

"పిన్నిగారు ఎక్కడికీ వెళ్ళరు. పెట్టె దగ్గర కాపలా ఆవిడదే" అన్నాను.

దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే ఉందని ఎవరో అన్నారు. నేను వినిపించుకోలేదు. పిన్నిగారి దగ్గరికి వెళ్ళి, "ఎవరూ ముట్టుకోకూడదు. ఎవరూ అంటే మీరు కూడా" అన్నాను. ఆవిడ పసిపిల్లలా తలూపింది.

8. మంగళవారం

ఇంకా ఏమీ లేదు. ముందు దారినా రాలేదు, వెనక దారినా రాలేదు.

కాపలా అంటే ఏమిటో పిన్నిగారు చూపిస్తోంది. పెట్టె ముందు చాప వేసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది. మూత తీయబోయిన ఒకాయనకి, "ముట్టుకున్నావంటే వేళ్ళు విరుస్తా. నువ్వు పుట్టినప్పుడు వాటిని తిన్నగా సాగదీసింది నేనే, విరిచే హక్కు నాకుంది" అని చెప్పింది. ఆయనకి నలభై దగ్గరపడ్డాయి. చేతులు వెనక్కి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను పక్కన కూర్చున్నాను. సుబ్బులు కదిలినప్పుడల్లా పిన్నిగారి భుజం దానంతట అదే ముందుకి వంగుతుంది. మళ్ళీ వెనక్కి తెచ్చుకుంటుంది.

"ఊరికే చూస్తూ కూర్చోవడం ఇంత కష్టమనుకోలేదే అమ్మాయ్" అంది.

"నాకూ తెలియదండీ" అన్నాను. "మొన్న అంత మాట అనకూడదు నేను."

"అనాలి. బిడ్డ కోసం అన్నావు."

నేను ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చడానికి చేతులు తొడల కింద నుంచి తీయబోయి, మళ్ళీ ఏం ముట్టుకుంటానో అన్నట్టు ఆగిపోయింది. నన్ను ముట్టుకోవచ్చండీ, నాకు కక్కు రాదు అన్నాను. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. డాక్టర్ గారు గోడకి ఆనుకుని టీ తాగుతూ, పొట్ట ఉబ్బు కాస్త తగ్గినట్టుందన్నారు. కాస్త అన్నది నొక్కి చెప్పారు.

9. గురువారం

పొద్దున డ్యూటీకి తయారవుతున్నాను. పిన్నిగారు పిలిచింది. అరవలేదు, పిలిచింది. నేను చేతిలో దువ్వెనతోనే వెళ్ళాను.

సుబ్బులు వెచ్చపలక దిగి పెట్టె మూలకి వెళ్ళి, తోక కాస్త ఎత్తి పట్టుకుని ఉంది. దాని వెనక కాగితం మీద నల్లగా, చివర తెల్లగా, వేలిగోరంత చిన్న కుప్ప. డాక్టర్ గారు మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు దాదాపు అద్దానికి ఆనించి చూశారు. పెద్ద చదువులు చదివిన మనిషి దాన్ని అంత మురిపెంగా చూడటం నేను ఎక్కడా చూడలేదు.

"అరిగిందండీ" అన్నారు. "ఎముకతో సహా అరిగింది."

ఆవిడ తెచ్చిన మూతపెట్టెని గవర్రాజు గారు కాలితో మెల్లగా గుమ్మం బయటికి నెట్టారు. గొట్టం దగ్గరికెళ్ళి, సొరంగం అందరికీ వినబడేలా, సుబ్బులు దొడ్డికి వెళ్ళిందని ప్రకటించారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా తలుపులు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఎవరో పళ్ళెం మోగించారు. తలో సొరంగానికీ పోవాల్సిన వాళ్ళందరూ, నైటీలతో, లుంగీలతో, నోట్లో పళ్ళపుల్లలతో నా గదిలోకి వచ్చి ఆ కాగితం చూసి వెళ్ళారు. బాగుంది, బాగుంది అన్నారు.

పిన్నిగారు మాత్రం చాప మీద నుంచి లేవలేదు. చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయి. అందరూ వెళ్ళేదాకా ఆగి, నా కొంగు అందుకోబోయి, మళ్ళీ చేతులు వెనక్కి తీసుకుని, డాక్టర్ గారి వైపు చూసింది.

"బిడ్డని ముట్టుకోనమ్మా" అంది. "ఆ కాగితం నేను తీయొచ్చా?"

డాక్టర్ గారు తలూపారు. నేను పెట్టె మూత తీసి పట్టుకున్నాను.